దూబగుంట నేర్పిన పాఠం

మా వెంకటాచలం మీదుగా పోయే చెన్నై రహదారిపై లారీల రొద రాత్రింబవళ్లు ఆగదు. దేనిలో ఏ సరుకున్నదో మనకేం తెలుసు? కాని గంజాయి పొట్లం కాలేజీ కుర్రవాళ్ల చేతికి చిక్కుతున్నదని విన్నప్పుడు ఏ తల్లికి గుండె ఝల్లుమనదు?

"పోలీసులున్నారు గదా!" అని మనం ఊరుకుంటాం. 1992లో మా జిల్లా ఆడవాళ్లు అలా ఊరుకోలేదు. కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరదీపం రాత్రిబడికి పోయే కూలితల్లులు వాచకంలో సీతమ్మ కథ చదివారు. సారావల్ల చితికిన ఆ కాపురం తమదేననిపించింది. దూబగుంట రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. సారా దుకాణం మూతపడింది. ఊరివెంట ఊరు కదిలి సారా వేలంపాటలను అడ్డుకున్నది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లో సడలిపోయింది.

చట్టం వస్తుంది, పోతుంది. వీధి మేలుకొని వుండాలి. ఆ తల్లుల బలమల్లా ఒక్కటే: ఇంటిగుట్టు అని దాచుకోక, నలుగురిలో కూర్చుని చెప్పుకున్నారు. చదువుకున్న మనమో, "మా అబ్బాయి అలాంటివాడు కాదండీ" అని తలుపు వేసుకుంటాం. మత్తు అమ్మేవాడికి కావలసిందీ అదే!

హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, వాటాల ఇళ్లవాళ్లు నెలకొకసారి కూడి పిల్లల సంగతి మాట్లాడుకోలేరా? చిక్కుకున్న బిడ్డను దొంగగా గాక, రోగిగా చూడండి. 14446కు ఫోను చేస్తే సలహా చెబుతారు. సిగ్గుపడి ఆలస్యం చేస్తే నష్టపోయేది మన బిడ్డే.