పెరట్లో నీళ్లు ఎటు పోతాయి?

పోయిన సెలవుల్లో మా పెరట్లో నేనే నాపరాళ్లు పరిచాను. కంటికి వాలు సరిగానే ఉందనిపించింది. తీరా 2 బిందెలు కుమ్మరిస్తే, నీళ్లు కాలువ వైపు పోక వంటింటి గోడ దగ్గరే మడుగు కట్టాయి! అలా వదిలేస్తే దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్లు, ఇటుకల్లోని సన్నని రంధ్రాల గుండా చెమ్మ గోడపైకి పాకుతుంది. వారం పది రోజుల్లో దోమలూ తయారవుతాయి.

తాపీమేస్త్రీలు నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టం వాడడం మీరు చూసే ఉంటారు. అది ఎన్ని మెలికలు తిరిగినా, రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఎందుకు? ఒక పక్క నీరు ఎత్తుగా ఉంటే ఆ పక్క అడుగున పీడనం హెచ్చి, మట్టాలు సమానమయ్యేదాకా నీటిని రెండో పక్కకు నెడుతుంది. గొట్టంలో గాలిబుడగ ఉంటే మాత్రం లెక్క తప్పుతుంది. అది చూసుకోక నేను ఓ పూటంతా వృథా చేశాను.

నీటిమట్టం నుంచి రాతికి గోడ దగ్గర 24 అంగుళాలు. 10 అడుగుల అవతల, కాలువ దగ్గర 23½. అంటే కాలువ వైపే అర అంగుళం మెరక! రాళ్లు లేపి, అడుగున ఇసుక సర్ది, 10 అడుగులకు అంగుళంన్నర పల్లం వచ్చేలా మళ్లీ పరిచాను. ఈసారి కాలువ దగ్గర కొలత 25½ రావాలి కదూ? వచ్చింది. మళ్లీ 2 బిందెలు కుమ్మరించాను. నీళ్లు బుద్ధిగా కాలువలోకి జారాయి, తులసికోట పక్కన నిలిచిన గుక్కెడు తప్ప.