అవ్వ చెప్పిన ముప్పావు

"నాన్నా! సగానికి పావు కలిపితే త్రీ బై ఫోర్ కదా? ఇది కాదంటోంది!"

మొన్నొక సాయంత్రం కంప్యూటరు ముందు నుంచి మా అమ్మాయి వేసిన కేక ఇది. భిన్నాలకు ఒక 'క్లాస్' రాసి తెమ్మన్నారట కాలేజీలో. క్లాస్ అంటే బడిలో తరగతి కాదు, గులాబీ పువ్వులు వండే అచ్చు లాంటిది. అచ్చు ఒక్కటే, పువ్వులు ఎన్నయినా వస్తాయి. భిన్నం ఎలా ఉండాలో, ఎలా కూడాలో ఒకసారి రాసిపెడితే చాలు, ఎన్ని భిన్నాలైనా తయారవుతాయి.

దశాంశాలు ఉండగా ఈ తిప్పలెందుకని అడిగాను. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూపించింది. జవాబు 0.30000000000000004! కంప్యూటరు లెక్కంతా సున్నా, ఒకటిలతోనే. అర, పావు, మన పాతకాలపు వీసం అంటే పదహారో వంతు, ఇవి దానికి కచ్చితంగా అమరుతాయి. పదో వంతు, మూడో వంతు మాత్రం ఎంత దూరం రాసినా తెగవు. అందుకే పై సంఖ్యను, కింది సంఖ్యను విడివిడిగా దాచే భిన్నం కావాలి.

మరి తప్పెక్కడ? కూడిక సరిగానే ఉంది. 1/2కి 1/4 కలిపితే 6/8 వచ్చింది. పోల్చేచోట పైదానితో పైది, కిందిదానితో కిందిది చూడమని రాసింది. 6, 3 ఒకటి కావు గనుక యంత్రం కాదంది.

పక్కన పూలు కడుతున్న మా అమ్మ నవ్వింది. "ఓళిగను ఎనిమిది ముక్కలు చేసి ఆరు తిన్నా, నాలుగు చేసి మూడు తిన్నా, పోయింది ముప్పావే కదే!"

"ముప్పావంటే ఏమిటవ్వా?"

ఆ ప్రశ్న నాకు చురుక్కుమంది. మూడు తరాలుగా హోసూరులో ఉంటూ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్నాం. అయినా ఆ మాట దానిదాకా చేరనేలేదు.

అవ్వ మాటలోనే మందు దొరికింది. భిన్నం పుట్టేచోటే మూడు కట్టుబాట్లు పెట్టుకుంది. కింద సున్నా ఉంటే ఒప్పుకోకూడదు. ఋణ గుర్తు ఎప్పుడూ పై సంఖ్యకే ఉండాలి. రెండింటినీ వాటి గ.సా.భా.తో భాగించాకే దాచాలి. 6, 8ల గ.సా.భా. 2 కాబట్టి 6/8 పుట్టగానే 3/4 అవుతుంది. పుట్టిన భిన్నాన్ని మళ్ళీ మార్చకూడదు, కూడితే కొత్తది రావాలి. పుట్టుకలోనే ఇంత జాగ్రత్త పడితే కూడికలో, తీసివేతలో, పోలికలో మళ్ళీ మళ్ళీ చూసుకునే పని ఉండదు.

నిజానికి పైథాన్‌లో ఇలాంటి భిన్నాల క్లాస్ 2008 నుంచీ సిద్ధంగా ఉంది. అయినా చేత్తో రాసుకుంటేనే అందులోని కిటుకు తెలిసేది.

చివరికి ఇంకో నాలుగు వరుసలు చేర్చింది. లోపల దాచే విలువ అదే, పైకి చూపే రూపం మాత్రం మారింది. మా అమ్మను పిలిచి 1/2కి 1/4 కలిపింది. తెర మీద అచ్చ తెలుగులో 'ముప్పావు' అని పడింది. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదువుకుంది.