కాలినడక యాత్రకు కాలానికో పక్క

విడవలూరు: తిరుమలకు కాలినడకన బయలుదేరే భక్తులు చెప్పుల గురించి పదిసార్లు ఆలోచిస్తారు. రాత్రి ఏది పరుచుకోవాలి, ఏది కప్పుకోవాలి అన్నది మాత్రం ఆఖరి నిమిషం దాకా ఎవరికీ పట్టదు. నెల్లూరు నుంచి తిరుపతి సుమారు 130 కిలోమీటర్లు. విడవలూరు వారికి నెల్లూరు చేరే దూరం అదనం. గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా నడిచేవారికి కొన్ని రాత్రులు దారిలోనే గడుస్తాయి. రాత్రంతా తడిబట్టల్లో వణికితే మర్నాడు కాలు సాగదు.

ఇప్పుడు బజారులో స్లీపింగ్ బ్యాగులు వచ్చాయి. లోపల దూరి జిప్పు లాక్కుంటే చాలు. అయితే మందంగా ఉన్నదే మంచిదనుకోవడం పొరపాటు. వేడి పుట్టేది సంచిలో కాదు, మనిషి ఒంట్లో. సంచి పొరల్లో నిలిచిన గాలి ఆ వేడిని పోనీయకుండా కాపాడుతుంది, అంతే.

నేల సంగతి ముందు

ఒంటి బరువుకు అడుగు పొర అణిగిపోతుంది. అందులో గాలి నిలవదు. అందుకే ఎంత ఖరీదైన సంచి అయినా కింద చాప లేకపోతే నేల చల్లదనం వీపుకు తగులుతుంది. చాప కింద ఒక ప్లాస్టిక్ పట్టా వేస్తే చెమ్మ పైకి రాదు.

ఏ కాలానికి ఏది?

ఎండాకాలంలో చాప, పలుచని నూలు దుప్పటి, దోమతెర చాలు. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు మన కోస్తాను ముంచెత్తుతాయి. అప్పుడు చలి కన్నా తడే శత్రువు. బొంత తడిస్తే బరువెక్కుతుంది, త్వరగా ఆరదు. పక్షి ఈకలు కూరిన సంచి తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. పాలిస్టర్ పీచు కూరినది త్వరగా ఆరుతుంది. ఏదైనా సరే, పాలిథిన్ సంచిలో మూతి కట్టి మోయాలి.

పుష్యమాసపు రాత్రుల్లో కూడా మన తీరంలో ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. మందపాటి సంచిలో చెమట పట్టి అదే తడవుతుంది. జిప్పు పూర్తిగా విప్పి దుప్పటిలా కప్పుకోగలిగే పలుచని సంచి మేలు.

గొంగళి తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. బరువే దాని లోపం. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, ఉన్నది వెంట్రుకలే. గొంగళికి దక్కను గొర్రె ఉన్ని కావాలి.

హిమాలయాలకైతే

అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి చలికి మన దుప్పట్లు ఆగవు. ప్రమాణాల ప్రకారం తయారైన సంచి చీటీ మీద మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. 'కంఫర్ట్' అన్నది హాయిగా నిద్రపట్టే చలి. 'లిమిట్' అన్నది ముడుచుకుని పడుకుంటే ఓర్చుకోగల చలి. 'ఎక్స్‌ట్రీమ్' అన్నది ప్రాణం దక్కించుకోవడానికే. కొనేటప్పుడు మొదటి అంకెనే చూడాలి. దుకాణంలో మూడో అంకె చూపిస్తే మోసపోరాదు.

యాత్ర ముగిశాక సంచిని బాగా ఆరబెట్టి, గట్టిగా చుట్టకుండా వదులుగా దాచాలి. నలిగి ఉంటే లోపలి పీచు మళ్లీ పొంగదు. సముద్రపు గాలి చెమ్మకు బూజు కూడా పడుతుంది.

కొత్త సంచి కొన్నవారు బయలుదేరే ముందు ఒక రాత్రి మిద్దె మీద అందులో పడుకుని చూడటం మంచిది. లోపం ఉంటే ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.