వసారాలో పడవ

జిమ్ము మూసేస్తున్నవాళ్ళ దగ్గర బేరమాడి కొన్న రోయింగ్ మెషీన్‌ను ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి దమ్మపేటలో మా వసారాలో దింపాం. ఎనిమిది అడుగుల పొడవుంది. ఒక చివర జల్లెడ గూటిలో పంకా, దానికో గొలుసు, గొలుసు కొసన పిడి. వెనక పొడవాటి పట్టా మీద ముందుకూ వెనక్కూ జారే సీటు. అటు సత్తుపల్లి నుంచి ఇటు అశ్వారావుపేట దాకా రోడ్డు వెంట కనిపించేవి పామాయిల్ తోటలే. గోదావరిని చూడాలంటే భద్రాచలం పోవాలి. మా బాబాయి మెషీన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "పడవ బాగానే ఉందిరా, నీళ్ళేవి?" అన్నాడు.

ఆయన వేళాకోళానికే అన్నాడు. కానీ ఈ యంత్రం కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. నీళ్ళు చేతికందని రోజుల్లో తెడ్డు వేయడం ఎలాగని తలపట్టుకున్నవాళ్ళే దీన్ని మళ్ళీ మళ్ళీ పుట్టించారు.

ఒడ్డున వేసిన బల్లలు

క్రీ.పూ. 260 నాటి మాట. కార్తేజ్‌తో సముద్రం మీద తలపడక తప్పని పరిస్థితి రోముకు వచ్చింది. పెద్ద యుద్ధనౌకలు కట్టిన అనుభవం లేదు, నడిపిన అనుభవం అంతకన్నా లేదు. ఒడ్డున చిక్కిన ఒక కార్తేజ్ ఓడను నమూనాగా పెట్టుకుని వంద పెద్ద ఓడలు, మరో ఇరవై చిన్నవి కట్టసాగారు. అవి తయారయ్యేలోపు మనుషుల్ని ఊరికే కూర్చోబెట్టలేదు. ఓడలో ఉండే వరసలోనే ఒడ్డు మీద బల్లలు వేసి కూర్చోబెట్టారు. నడుమ ఒకడు నిలబడి లెక్క చెబుతుంటే, అందరూ ఒక్కసారిగా చేతులు దగ్గరికి లాక్కుంటూ వెనక్కి వాలడం, మళ్ళీ చేతులు చాస్తూ ముందుకు వంగడం సాధన చేశారని గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్ రాశాడు. ఇసుకలో కూర్చుని గాలిలో తెడ్డు వేశారన్నమాట. ఆ ఏడే మైలీ దగ్గర రోమన్లు గెలిచారు. గెలుపుకు వేరే కారణాలూ ఉన్నాయి కానీ, ఒడ్డున నేర్చిన ఊపు నీటిలో పనికొస్తుందని మాత్రం తేలింది.

ఆ బల్లలకు ఒక లోపం ఉంది. చేతికి బరువు తగలదు. ఆ బరువు కోసం వెతుకులాట రెండువేల ఏళ్ళ తర్వాత ఊపందుకుంది. 1872లో అమెరికాలో డబ్ల్యూ.బి. కర్టిస్ గొట్టంలోని ద్రవాన్ని నెట్టే పద్ధతితో ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1912లో మునిగిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలోనూ ఒక రోయింగ్ మెషీన్ ఉండేది. ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో నార్వేలో బరువైన చక్రానికి బ్రేకు పట్టీ బిగించి, మనిషి ఎంత పని చేశాడో కొలిచే యంత్రాలు వచ్చాయి. ఈ యంత్రాలకు మిగిలిన 'ఎర్గ్' అనే పొట్టిపేరు, పని అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది.

తలకిందులు చేసిన సైకిల్

నేటి రూపం సైకిల్ నుంచి పుట్టింది. డిక్, పీట్ డ్రైసిగ్యాకర్ అనే అన్నదమ్ములు అమెరికాలో పడవ పోటీల క్రీడాకారులు. డిక్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఆడాడు. 1976లో ఇద్దరూ కలిసి తేలికపాటి తెడ్లు చేసే కంపెనీ పెట్టారు. అదే కాన్సెప్ట్2. వాళ్ళు స్థిరపడిన వెర్మాంట్‌లో చలికాలం నీళ్ళు గడ్డకడతాయి. అక్కడ నీళ్ళు ఉండీ లేనట్టే. ఒక పాత సైకిల్‌ను పశువులపాక నేలకు మేకులతో బిగించి, దాని గొలుసు కొస పట్టుకుని లాగి చూశారు. చక్రం గాలిని కోస్తుంటే చేతికి బరువు తగిలింది. 1981లో మొదటి మోడల్ అమ్మకానికి వచ్చింది. సైకిల్ చక్రం, ఆకులకు బిగించిన ప్లాస్టిక్ రెక్కలు, గొలుసు, తిరిగిన దూరం చెప్పే మీటరు, అంతే.

దాని గొప్పదనం గాలిలో ఉంది. బరువులు ఎత్తేటప్పుడు మెల్లగా ఎత్తినా, గబుక్కున ఎత్తినా బరువు ఒకటే. నీరు అలా కాదు. తెడ్డును ఎంత జోరుగా లాగితే అంతగా ఎదురు తిరుగుతుంది. గాలి గుణమూ అదే. నీటిని వదిలేసి గాలిని పట్టుకున్నాకనే యంత్రానికి నీటి స్వభావం వచ్చింది. 1980ల మొదట్లో బోస్టన్‌లో కొందరు పడవ క్రీడాకారులు చలికాలం విసుగు తీర్చుకోవడానికి ఈ యంత్రాల మీద పందెం పెట్టుకున్నారు. తమ జట్టుకు చార్లెస్ నది మాజీ మొనగాళ్ళు అని వెటకారంగా పేరు పెట్టుకున్నారు. ఆ సరదా పందెమే పెరిగి పెద్దదై అంతర్జాతీయ పోటీలకు దారితీసింది.

కాళ్ళు, నడుము, చేతులు

కొత్తవాడు సీటు మీద కూర్చోగానే చేసే పని చేతులతో లాగడం. నేనూ అదే చేశాను. ఐదు నిమిషాలకే భుజాలు మొద్దుబారాయి. బాబాయి చూసి, "గూడ ఎప్పుడైనా వేశావా?" అన్నాడు. కాలువలో నీళ్ళు మడికంటే దిగువనున్నప్పుడు ఇద్దరు నిలబడి, తాళ్ళు కట్టిన గూడతో ఎత్తిపోసేవారు. చేతుల బలంతో ఎత్తబోయినవాడు కాసేపటికే చతికిలపడేవాడు. కాళ్ళు ఊని, నడుం ఊపి, తాడును ఊరికే పట్టుకున్నవాడు పొద్దెక్కేదాకా పోసేవాడు. రోయింగ్ పాఠం మొత్తం ఇంతే.

ఒక్కో లాగులో నాలుగు ఘట్టాలు. క్యాచ్: మోకాళ్ళు ముడిచి, పిక్కలు నిటారుగా, చేతులు తిన్నగా చాచి, తుంటి దగ్గర నుంచి కాస్త ముందుకు వాలి కూర్చోవాలి. డ్రైవ్: ముందు కాళ్ళతో తన్నాలి. పిడి మోకాళ్ళు దాటాక నడుము వెనక్కి వాలాలి. చేతులు ముడవడం చిట్టచివర. ఫినిష్: పిడి పక్కటెముకల కిందకి వచ్చి తగులుతుంది, ఒళ్ళు కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. రికవరీ: అదే వరస తిరగేసి. ముందు చేతులు చాచాలి, తర్వాత నడుము ముందుకు, చివర్లో మోకాళ్ళు. చేతులు దాటకముందే మోకాళ్ళు లేపితే పిడిని వాటిమీదుగా ఎగరేయాల్సి వస్తుంది. గొలుసు అలల్లా పైకీ కిందకీ ఊగుతోందంటే వరస తప్పినట్టే. తన్నగానే సీటు వెనక్కి జారిపోయి పిడి మాత్రం కదలకపోతే నడుం వదులైనట్టు. నడుం నొప్పి తెచ్చిపెట్టే తప్పు ఇదే.

లాగడానికి ఒక వంతు సమయం పడితే, తిరిగి రావడానికి రెండు వంతులు తీసుకోవాలి. నిమిషానికి ఇరవై లాగులు చాలు మొదట్లో. తొందర లాగడంలో ఉండాలి, రావడంలో కాదు.

గాలి లెక్క

ఎంత వేగంతో వెళ్ళాలన్నది గాలే నిర్ణయిస్తుంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి, వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. యంత్రం మీద వేగాన్ని 500 మీటర్లకు పట్టే సమయంగా చూపిస్తారు. రెండున్నర నిమిషాల్లో పోవాలంటే దాదాపు 104 వాట్లు కావాలి. పాతరకం సీలింగ్ ఫ్యాను తినే 75 వాట్లకన్నా కాస్త ఎక్కువ. రెండు నిమిషాల్లో పోవాలంటే సుమారు 203 వాట్లు. సమయంలో ఐదో వంతు తగ్గించుకోవడానికి దాదాపు రెట్టింపు శ్రమ.

పోటీ దూరం 2000 మీటర్లు. పది నిమిషాల్లో ముగించగల మనిషి ఉత్సాహంలో మొదటి 500 మీటర్లను 2 నిమిషాల 10 సెకన్లలో లాగాడనుకుందాం. మిగిల్చుకున్నది 20 సెకన్లు. ఖర్చు చేసింది 104కు బదులు 159 వాట్లు. ఆ అప్పు మూడో 500లో వడ్డీతో సహా తీర్చాలి. కాళ్ళు బరువెక్కి, ఊపిరి అందక, మిగిల్చిన 20 సెకన్లకు రెట్టింపు పోతాయి. అందుకే అనుభవమున్నవాళ్ళు మొదటినుంచీ ఒకే వేగం పట్టుకుని, చివరి మూడు వందల మీటర్లకు మాత్రమే దాచుకున్నది బయటికి తీస్తారు.

పంకా పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న డ్యాంపర్ ఉంటుంది. పదిలో పెడితే ఎక్కువ వ్యాయామమనుకుంటారు చాలామంది. అది గాలి లోపలికి వచ్చే కంతను పెద్దదీ చిన్నదీ చేసే మూత మాత్రమే. సైకిల్‌కు గేరు లాంటిది. కొత్తవాళ్ళకు మూడు నుంచి ఐదు మధ్య చాలు.

మే నెలలో మా వైపు ఎండ 45 డిగ్రీలు తాకినప్పుడు గాలి, 20 డిగ్రీల నాటికన్నా ఎనిమిది శాతం దాకా పల్చబడుతుంది. అంటే వేసవిలో దమ్మపేటవాడికి తేలిక, చలిలో వెర్మాంట్‌వాడికి కష్టం కావాలి. కాకుండా ఒక ఉపాయం చేశారు. లాగుకూ లాగుకూ మధ్య పంకా ఎంత తొందరగా నెమ్మదిస్తోందో చూసి, గాలి ఎంత అడ్డుపడుతోందో మీటరు ఎప్పటికప్పుడు తానే లెక్కకట్టుకుంటుంది. అందుకే ఎక్కడ లాగినా లెక్క ఒకటే.

నూనె ఊళ్ళో నూనె పాఠం

ఈ యంత్రానికి ప్లగ్గు లేదు. మీటరుకు బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా పని ఆగదు. అడిగేది శుభ్రత ఒక్కటే. దిగిన ప్రతిసారీ పట్టాను గుడ్డతో తుడవాలి. చెమట, దుమ్ము కలిసి నల్లటి జిడ్డు కట్టి సీటు చక్రాలను తినేస్తాయి. జల్లెడ గూటిలో దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. అప్పుడప్పుడూ విప్పి దులపాలి. పిడిని ముందుకు వదిలేసి టప్పున కొట్టనీయకూడదు. యాభై గంటల వాడకానికొకసారి గొలుసుకు చెంచాడు నూనె గుడ్డకు అద్ది రాయాలి.

ఏ నూనె? దమ్మపేట మండలంలో నూనెకు కరువా? అప్పారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీయే ఉంది. అయినా వంటనూనె ఏదీ గొలుసుకు పనికిరాదు. అది గాలి తగిలి చిక్కబడి, దుమ్మును పట్టుకుని జిగురవుతుంది. నేను కొబ్బరినూనె రాసి, నెల తిరగకుండానే గొలుసు మొత్తం కిరోసిన్‌తో కడుక్కోవలసి వచ్చింది. కుట్టుమిషన్‌కు వేసే పల్చటి మినరల్ ఆయిల్ లాంటిది సరైనది. తుప్పు వదిలించే స్ప్రేలు ఉన్న నూనెను కూడా కడిగేస్తాయి. అవి వద్దు.

రోయింగ్ సాధన ఎంతదూరం తీసుకెళ్తుందో చెప్పడానికి మనవాడే ఒకరున్నారు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైనికుడు కొంగనపల్లె నారాయణ మందుపాతర పేలుడులో ఒక కాలు పోగొట్టుకున్నాక రోయింగ్‌లోకి వచ్చారు. 2023 అక్టోబరులో హాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో సహక్రీడాకారిణి అనితతో కలిసి వెండి పతకం గెలిచారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆ జంట ఎనిమిదో స్థానంలో నిలిచింది.

కొనాలనుకునేవారికి చివరి మాట. వాడుకోవడానికి తొమ్మిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు జాగా కావాలి. ముందు టేపు పెట్టి కొలుచుకోండి. నడుం నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే కూర్చోండి. మొదటి నెల రోజుకు పది నిమిషాలు చాలు. ఆ నెలంతా మీటరును చూడకుండా గొలుసును చూడండి. అది తిన్నగా వచ్చి తిన్నగా పోతుంటే, నేర్చుకోవలసినదాంట్లో సగం వచ్చేసినట్టే.