గూటిలోని పురుగుకు కాపుదల

పండుగనాడు మనము మడికి కట్టుకొను పట్టుచీరయందలి ప్రతిపోగును ఒక పురుగు తన యిల్లుగా అల్లుకొన్న గూటినుండి తీసినదే. ఆ గూటిలో పురుగు ఆహారము లేక, కదలిక లేక, ప్యూపా దశలో నిదురించును. కొన్ని జాతులవి చలికాలమెల్ల అట్లే గడుపును. పాఱిపోవుటకు కాళ్లు లేవు. కాచుటకు తల్లి చెంత లేదు. మన నెత్తుటిలో రోగముతో పోరాడు ప్రతిరక్షకములును దానికి లేవు. అయినను సూక్ష్మజీవులకు అది సులభముగా లొంగదు. ఏల?

ఈ సంగతిని స్వీడను దేశమున హాన్స్ బొమాన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును శోధించిరి. ఉత్తర అమెరికాలోని సెక్రోపియా యను పెద్ద పట్టుపురుగు ప్యూపాలలోనికి వారు సూదితో బాక్టీరియాలను ఎక్కించిరి. అంతట వాని నెత్తుటిలో బాక్టీరియాలను చంపు చిన్న మాంసకృత్తులు పుట్టినవి. వీనికి సెక్రోపిన్లని పేరిడి, 1981లో వాని నిర్మాణమును ప్రకటించిరి. వానిలో ఒకదానియందు 37 అమైనో ఆమ్లములు మాత్రమే గలవు. అది బాక్టీరియా పైపొరకు తూట్లు పొడుచును. చిల్లిపడిన కుండనుండి పాలు కాఱిపోవునట్లు లోని సారము కాఱి బాక్టీరియా నశించును. మనకు పట్టునిచ్చు మల్బరీ పురుగునందును ఈ కుటుంబపు మాంసకృత్తులు కలవు.

ఈ మందు చేయుమని పురుగు దేహమునకు ఆజ్ఞ యెట్లందును? పండ్లపై ముసురు చిన్న యీగలో టోల్ అను జన్యువు చెడినచో బూజు దానిని క్రమ్మి చంపునని ఫ్రాన్సులో జూల్స్ హాఫ్‌మన్ బృందము 1996లో చూపెను. టోల్‌కు దగ్గఱి చుట్టములు మన దేహమునందును ఉన్నవని తరువాత తేలెను. 2011లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానమును పంచుకొన్న మువ్వురిలో హాఫ్‌మన్ ఒకరు.

ఇది చదివిన నాడు మేము సిగ్గుపడితిమి. ఒకమాఱు మా పిల్లవానికి జలుబుతో జ్వరము రాగా, బీరువాలో మిగిలియున్న ఆంటీబయాటిక్ మాత్రలు వేసితిమి. వైద్యురాలు మందలించినది: “జలుబు వైరస్ వలన వచ్చును, దానికీ మందు పనిచేయదు. ఊరక వాడినకొలది బాక్టీరియాలు మందుకు మొండికెత్తును. రేపు నిజముగా న్యుమోనియా వచ్చిననాడు ఈ మాత్ర సుద్దముక్కతో సమానమగును.”

పురుగుల మాంసకృత్తులనుండి క్రొత్త మందులు చేయ యత్నములు సాగుచున్నవి. కాని నోట మ్రింగిన మాంసకృత్తును మన పొట్ట పప్పువలెనే అరిగించుకొనును గనుక, ఆ పని సులభము కాదు. అందాక ఉన్న మందులనే కాపాడుకొనవలెను. వైద్యులు వ్రాయక వాడరాదు. వ్రాసినచో చెప్పినన్ని దినములు వాడవలెను. మిగిలినవి మఱియొకరికి ఈయరాదు.

గూటిలోని పురుగు తన మందును శత్రువు వచ్చినప్పుడే విరివిగా చేసికొనును. బీరువా తాళము చేతనున్న మనకు ఆపాటి పొదుపు తెలియవలదా?