ఎనిమిదేళ్లు కదలని దస్త్రం

బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా ప్రభుత్వం ‘ఒధికార్’ అనే మానవ హక్కుల సంస్థను ఏళ్ల తరబడి నిషేధించనూ లేదు, పని చేయనివ్వనూ లేదు. (బెంగాలీలో ఆ మాటకు ‘హక్కు’ అని అర్థం, మన ‘అధికారం’ కాదు.) ఎన్నికలు జరుగుతూ, పార్లమెంటు సమావేశమవుతూ, పత్రికలు వెలువడుతూ ఉన్న దేశంలో నిషేధం ప్రభుత్వానికి అప్రతిష్ఠ. దస్త్రాన్ని తొక్కిపడితే ఆ బెడద ఉండదు.

అక్కడ విదేశీ విరాళం స్వీకరించే ప్రతి సంస్థా 1990లో ఏర్పడిన ఎన్జీవో వ్యవహారాల బ్యూరోలో నమోదు కావాలి. ప్రతి పథకానికీ ముందుగా ఆమోదం పొందాల్సి ఉండేది. బడులు నడిపే వారికి ఇది తలనొప్పి మాత్రమే. పోలీసు కాల్పుల లెక్క తీసే వారికి ప్రాణసంకటం. రాజ్యాంగ సంస్థలను కించపరచే వ్యాఖ్యలను 2016 నాటి చట్టం నేరంగా పేర్కొన్నది. మన దేశంలో కూడ 2020లో జరిగిన సవరణ విదేశీ విరాళాల నుంచి చేసే పరిపాలనా వ్యయాన్ని 50 నుంచి 20 శాతానికి కుదించిన సంగతి విదితమే.

1994లో స్థాపితమైన ఒధికార్ ఆ లెక్కనే తీసింది. 2013 మే నెలలో ఢాకాలో హెఫాజత్-ఎ-ఇస్లాం ప్రదర్శకులపై జరిగిన భద్రతా చర్యలో 61 మంది మరణించారని నివేదించింది. ప్రభుత్వం ఖండించి మృతుల పేర్లు అడిగింది. స్వతంత్ర న్యాయ విచారణ సంఘాన్ని వేస్తే దానికే ఇస్తామని, లేకుంటే ఆ కుటుంబాలకు ముప్పని సంస్థ బదులిచ్చింది. ఆగస్టులో కార్యదర్శి అదిలుర్ రహమాన్ ఖాన్ అరెస్టయ్యారు. కార్యాలయంలోని కంప్యూటర్లను పోలీసులు పట్టుకుపోయారు.

నమోదు పునరుద్ధరణకు 2014లో పెట్టిన దరఖాస్తుపై 2022 జూన్‌లో తిరస్కారం వచ్చింది. అంతకు ఆరు నెలల ముందే ర్యాపిడ్ యాక్షన్ బెటాలియన్‌పై అమెరికా ఆంక్షలు విధించడం గమనార్హం.

విదేశీ నిధులు ఆగిపోయినా జిల్లాలలోని కార్యకర్తలు సమాచారం పంపుతూనే వచ్చారు, నివేదికలు వెలువడ్డాయి. అంతర్జాతీయ హక్కుల సంఘాలు వాటిని ఉటంకించడం కొంత రక్ష అయింది. దేశ ప్రతిష్ఠను దిగజారుస్తున్నారన్న నింద కూడ దానితోనే వచ్చింది. 2023 సెప్టెంబరులో అదిలుర్‌కు, సంస్థ డైరెక్టర్ నసీరుద్దీన్ ఎలాన్‌కు రెండేళ్ల శిక్ష పడింది.

2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం పతనమైంది. అదే నెలలో హైకోర్టు ఇరువురినీ నిర్దోషులుగా తేల్చింది. అప్పటికే అదిలుర్ మధ్యంతర ప్రభుత్వంలో సలహాదారుగా ప్రమాణం చేశారు. ఆ ప్రభుత్వ హయాంలో సంభవించిన కస్టడీ మరణాలను కూడ ఒధికార్ తన నివేదికలకెక్కించింది.