ఊరికి ఆదాయం వచ్చింది, పిల్లల స్వభావం మారింది

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రానికి పడమటి వైపున ఉన్న స్మోకీ కొండల్లో చెరోకీ ఆదివాసులుంటారు. 1993లో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన జేన్ కాస్టెల్లో బృందం ఆ ప్రాంతంలో 9, 11, 13 ఏళ్ల పిల్లలను 1,420 మందిని ఎంచుకుంది. వాళ్ల ప్రవర్తనను, మానసిక ఆరోగ్యాన్ని ఏటా పరిశీలిస్తూ వచ్చింది. వాళ్లలో దాదాపు నాలుగోవంతు చెరోకీ పిల్లలు.

ఆ పరిశీలన సాగుతుండగానే ఊరి బతుకు మారిపోయింది. చెరోకీ తెగ సొంతంగా కేసినో పెట్టుకుంది. కొత్త ఉద్యోగాలు వచ్చాయి. లాభాల్లో ఒక భాగాన్ని ఆర్నెల్లకోసారి తెగలోని అందరికీ సమానంగా పంచడం మొదలైంది. సగటున మనిషికి ఏటా సుమారు 4,000 డాలర్లు. పిల్లల వాటా మాత్రం వాళ్లు పెద్దయ్యేదాకా ట్రస్టులో జమయ్యేది. చుట్టుపక్కల ఇతర కుటుంబాలకు ఈ పంపకంలో వాటా లేదు. దాంతో, ఇంటి ఆదాయం పెరిగితే ఎదిగే పిల్లల్లో ఏం మారుతుందో పోల్చి చూసే అరుదైన అవకాశం పరిశోధకులకు దొరికింది.

తొలి ఫలితాలు 2003లో వచ్చాయి. పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్లలోని పిల్లల్లో మొండితనం, ఎదురుతిరగడం, తగాదాలు బాగా తగ్గాయి. ఆ విషయంలో వాళ్లు పేదరికం ఎరగని పిల్లలతో సమానమయ్యారు. దిగులు, ఆందోళనల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ తర్వాత ఆర్థికవేత్త రాండల్ అకీ, ఆయన సహచరులు అదే సమాచారంతో వ్యక్తిత్వ లక్షణాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. బాధ్యతగా పని చేసే గుణం, నలుగురితో సఖ్యంగా మెలిగే గుణం పెరిగాయి. మొదట్లో ఈ గుణాలు తక్కువగా ఉన్న పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది.

పిల్లల వాటా అప్పటికింకా ట్రస్టులోనే ఉంది. మరి వాళ్లెలా మారారు? జవాబు ఇంట్లోనే దొరికింది. డబ్బు ఒత్తిడి తగ్గాక తల్లిదండ్రులు పిల్లలను కనిపెట్టుకుని ఉండగలిగారు. పిల్లలతో వాళ్ల అనుబంధం బలపడింది, భార్యాభర్తల మధ్య సఖ్యత పెరిగింది.

ఊరు చితికిపోయినా ఆ దెబ్బ పిల్లలకు ఇంటి మీదుగానే తగులుతుంది. 1930ల మహామాంద్యంలో కాలిఫోర్నియా పిల్లల జీవితాలను సమాజ శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ అధ్యయనం చేసి 1974లో పుస్తకంగా తెచ్చారు. ఆదాయం పడిపోయిన ఇళ్లలో తండ్రుల చిరాకు, పెద్దల గొడవలు పిల్లలను కుంగదీశాయి. అయితే అప్పటికే పదేళ్లు దాటిన ఓక్లాండ్ నగర పిల్లల్లో చాలామంది కుటుంబానికి ఆసరాగా నిలిచారు. మగపిల్లలు చిన్నచిన్న పనుల్లో చేరితే, ఆడపిల్లలు ఇంటి పనులు అందుకున్నారు. వాళ్లకు చిన్న వయసులోనే బాధ్యత అలవడింది. ఎల్డర్ ఆ తర్వాత పరిశీలించిన, పసితనంలోనే ఆ కష్టం చూసిన బర్కిలీ నగర పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఆత్మవిశ్వాసం దెబ్బతింది. ఊరి మార్పు ఏ వయసులో తాకిందన్నదీ ముఖ్యమేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ పాఠం మనకూ అవసరమే. పోలవరం, మల్లన్నసాగర్ వంటి ప్రాజెక్టుల కింద ఊళ్లకు ఊళ్లే తరలాయి. పరిహారం లెక్కల్లో పొలాలు, ఇళ్లు ముందుంటాయి. కొత్త చోట బడి ఎంత దూరం, తల్లిదండ్రులకు ఊళ్లోనే పని దొరుకుతుందా, బడి నుంచి వచ్చేసరికి పిల్లల దగ్గర పెద్దలెవరైనా ఉంటారా అన్నవీ ఆ లెక్కల్లోకి రావాలి. పునరావాస పథకాలు రాసే అధికారులు వీటిని మొదటి పేజీలోనే చేర్చాలి.